నరసింహ స్వామి డార్విన్‌కి సాక్షి కాదు: పరిణామ సిద్ధాంతం, మన కొండల్లోని ఆధారాలు

 

ఈ వారం పెంచలకోన వీడియో చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, చివర్లో "దశావతారాలు, డార్విన్ గురించి విడిగా రాస్తాను" అన్నాను. ఇదే ఆ పోస్ట్. కొంచెం పెద్దది. ఇందులో నేను చేసిన తప్పు ఒప్పుకోవడం కూడా ఉంది.

మా అక్క కూతురు ఆత్మకూరులో ఇంటర్ సెకండ్ ఇయర్, బైపీసీ. సంక్రాంతికి ఉదయగిరి వచ్చినప్పుడు ఒక టెస్ట్ పేపర్ తెచ్చి నా ముందు పెట్టింది. జీవ పరిణామానికి ఆధారాలు రాయమని ప్రశ్న. తను రాసింది: మత్స్యం నీళ్ళలో, కూర్మం నీళ్ళలోనూ నేలమీదా, వరాహం నేలమీద, నరసింహుడు సగం జంతువు సగం మనిషి, వామనుడు పొట్టి మనిషి, ఆ తర్వాత పూర్తి మనిషి. డార్విన్ కంటే ముందే మన ఋషులు చెప్పారని ముగింపు. మార్కులు సున్నా. "ఏంది మామా, నీ వీడియో చూసి రాస్తే సార్ సున్నా పెట్టాడు" అంది. ఇంట్లో అందరూ నవ్వారు. నిజమే, ఆ వీడియో స్క్రిప్ట్ నేనే రాశాను.

రాత్రి మిద్దె మీద కూర్చున్నప్పుడు అసలు సంగతి అడిగింది. "పుస్తకంలో ఉండేది నిజమైతే ఇంక పెంచలకోనకి పోవడం ఎందుకు మామా? ఈ మాట అమ్మమ్మతో అంటే తిడతది." నా దగ్గర జవాబు లేదు. నాది ఎంపీసీ, తర్వాత ఇంజనీరింగ్. టెన్త్ తర్వాత బయాలజీ పుస్తకం తెరిచింది లేదు. తెలియకుండానే వేలమందికి చెప్పేశాను. అప్పటి నుంచి వీలైనప్పుడల్లా చదువుతూ వచ్చాను.

ముందు దశావతారాల సంగతి

ఈ పోలికని మనం "ప్రాచీన రహస్యం" అని షేర్ చేస్తుంటాం. డార్విన్ పుస్తకం వచ్చింది 1859లో. అవతారాల వరసని పరిణామంతో పోలుస్తూ హెలెనా బ్లావట్‌స్కీ "ఐసిస్ అన్‌వీల్డ్" అనే ఇంగ్లీషు పుస్తకంలో రాసింది 1877లో, అదీ న్యూయార్క్‌లో అచ్చయిన పుస్తకం. డార్విన్ రాకముందు మన వ్యాఖ్యాతలెవరైనా దశావతారాలకి ఈ అర్థం చెప్పారేమో అని నేను వెతికాను. ఒక్కటీ కనబడలేదు.

అసలు మన గ్రంథాల్లోనే ఈ వరస నిలబడదు. భాగవతం ప్రథమ స్కంధంలో 22 అవతారాల పట్టిక ఉంది. అది సనకాది కుమారులతో మొదలవుతుంది. వరాహం రెండోది. మత్స్యం పదోది, కూర్మం పదకొండోది. కపిలుడు, దత్తాత్రేయుడు, పృథు చక్రవర్తి అందరూ చేపకంటే ముందే వచ్చేశారు. పోతన గారి భాగవతం చదివినవాళ్ళకి ఇది కొత్త కాదు. నేను చదవకుండానే స్క్రిప్ట్ రాశాను.

ఇంకో పెద్ద తేడా ఉంది. అవతారం అంటే దిగి రావడం. అదే స్వామి అవసరాన్ని బట్టి వేరే రూపంలో దిగి వస్తాడు. వరాహ స్వామి మత్స్యానికి మునిమనవడు కాదు. పరిణామంలో మొత్తం విషయం ఆ మునిమనవడి దగ్గరే ఉంది: తల్లిదండ్రుల నుంచి పిల్లలకి, తరం తరానికి కొద్దికొద్దిగా వచ్చే మార్పు. రెండూ వేర్వేరు ప్రశ్నలకి జవాబులు. "ఎక్కడున్నాడురా నీ హరి" అని హిరణ్యకశిపుడు అడిగినదానికి జవాబు స్తంభంలోంచి వచ్చింది. అక్కడ జంతువులు ఎలా పుట్టాయని ఎవరూ అడగలేదు.

ఒకవేళ సింహం తల, మనిషి ఒళ్ళు ఉన్న ఎముకల గూడు ఎక్కడైనా తవ్వకాల్లో దొరికిందనుకోండి, డార్విన్ సిద్ధాంతం గెలవదు, కూలిపోతుంది. ఎందుకంటే సింహం కొమ్మ వేరు, మనిషి కొమ్మ వేరు. ఎప్పుడో విడిపోయిన రెండు కొమ్మల చివరలు తెచ్చి అతికించినట్టు ఉండే జంతువు రావడానికి ఆ సిద్ధాంతంలో దారే లేదు. అంటే నరసింహ స్వామిని డార్విన్ పక్షాన సాక్షిగా పిలిచిన నేను రెండు వైపులా తప్పు చేశాను.

గొర్రెల మంద దగ్గర మొదలుపెడదాం

మన నెల్లూరు గొర్రెల్లో మూడు రకాలు. ఒళ్ళంతా తెల్లగా ఉండేది పల్ల. తెల్లటి ఒంటికి మూతి, కళ్ళ చుట్టూ నల్ల మచ్చలుండేది జోడిపి. ఎర్రగోధుమ రంగుది దొర. దేశంలోనే ఎత్తైన గొర్రె జాతి ఇది. పొడవు కాళ్ళు, ఒంటిమీద ఉన్ని దాదాపు ఉండదు. ఎండలో మైళ్ళు నడిచి మేసే గొర్రె. అదే దక్కనీ గొర్రెని చూడండి, నల్లటి ఉన్ని, గొంగళ్ళు నేసేది దానితోనే. రెండూ గొర్రెలే. వాటిని ఇలా వేరు చేసింది తరతరాల గొర్రెల కాపరులు. ఏ పొట్టేలుని మందలో ఉంచాలి, దేన్ని సంతకి తోలాలి అన్న ఒక్క నిర్ణయమే వాళ్ళ చేతిలో ఉండేది. అదే నిర్ణయం వందల ఏళ్ళు తీసుకుంటూ పోయారు.

డార్విన్ తన పుస్తకం మొదటి అధ్యాయంలో చేసింది ఇదే. ఇంగ్లండులో పావురాలు పెంచేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, తనూ పావురాలు పెంచి, ఎంపిక ఎలా పనిచేస్తుందో చూశారు. ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్న: కాపరి లేకపోయినా ఎంపిక జరుగుతుందా? పుట్టే పిల్లలన్నీ ఒకేలా ఉండవు. ఆ తేడాల్లో కొన్ని వంశపారంపర్యంగా వస్తాయి. పుట్టినవన్నీ బతకవు. అలాంటప్పుడు కరువు, చలి, పులి, రోగం, ఇవే కాపరి పని చేస్తాయి. దీన్నే ప్రకృతి వరణం అంటారు. పుట్టుకలో తేడా ఎటు వస్తుందన్నది గాలివాటం, నిలిచేది ఏదన్నది మాత్రం గాలివాటం కాదు. "అంతా యాదృచ్ఛికంగా వచ్చేసిందంటారా" అని అడిగేవాళ్ళు ఈ రెండో సగం మర్చిపోతారు.

కాపరి లేని ఎంపికకి ఉదాహరణ మా ఇంట్లోనే ఉంది. మా పెదనాన్న కొన్నేళ్ళు పత్తి వేశారు. బీటీ పత్తికి మన దేశంలో అనుమతి వచ్చింది 2002లో. మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా జీన్‌ని పత్తిలో పెట్టారు, దాంతో ఆకూ కాయా తిన్న పురుగు చస్తుంది. 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్ ఇంకోటి వచ్చేది. అది మామూలు పత్తి, చేను చుట్టూ వేయాలి. చుట్టుపక్కల ఎవరూ వేసినట్టు నాకు గుర్తులేదు. మా కొట్టంలో ఆ ప్యాకెట్లు అలాగే పడి ఉండేవి. పురుగు తినే పత్తిని ఎవరైనా కావాలని వేసుకుంటారా?

ఎందుకు వేయాలో పరిణామం తెలిస్తేనే అర్థమవుతుంది. లక్షల గులాబీ పురుగుల్లో ఏ కొన్నింటికో ఆ విషాన్ని తట్టుకునే తేడా పుట్టుకతోనే ఉంటుంది. చేనంతా బీటీ అయితే మిగిలేది అవే. వాటికి జత దొరికేదీ అలాంటివే. పిల్లలన్నీ మొండివే పుడతాయి. పక్కన మామూలు పత్తి ఉంటే అక్కడ మామూలు పురుగులు బతికి, ఎగిరొచ్చి వీటితో కలుస్తాయి, పుట్టే పిల్లల్లో ఎక్కువ భాగం బీటీకి చస్తాయి. ఆ చిన్న ప్యాకెట్ లెక్క ఇదీ. గులాబీ పురుగు తట్టుకుంటోందని 2010లో గుజరాత్ నుంచి తొలి వార్త వచ్చింది. తర్వాత రెండు జీన్లు పెట్టిన రకాన్నీ దాటేసి మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్ర చేలల్లోకి వచ్చింది. పురుగు పట్టుబట్టి నేర్చుకున్నదేమీ లేదు. చచ్చేవి చచ్చాయి, చావనివి పిల్లల్ని కన్నాయి. పదేళ్ళు కూడా పట్టలేదు. పెదనాన్న మందు డబ్బాల అప్పు తీర్చడానికి అంతకంటే ఎక్కువే పట్టింది.

ఎవరు చూశారు?

పురుగు మారింది సరే, చేప నుంచి మనిషి దాకా ఎవరు చూశారండీ అని అడుగుతారు. 2018 జనవరిలో ఒక కేంద్ర సహాయ మంత్రి కూడా ఇదే అన్నారు, కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదు, డార్విన్ తప్పు అని. మన దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి అది సరికాదని ప్రకటన ఇచ్చాయి.

దీనికి నా జవాబు ఉదయగిరి దుర్గం. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఈ కోటని గెలిచింది 1514లో. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకెళ్ళి 1515లో కృష్ణాలయం కట్టి ప్రతిష్ఠించారు. మనలో ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. హంపి గుడిలో శాసనం ఉంది. గుడి ఉంది. విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. మా ఊళ్ళో కోట శిథిలాలు ఉన్నాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా దొరికిన ఆధారాలన్నీ ఒకే కథ చెప్తున్నాయి కాబట్టి నమ్ముతున్నాం. పరిణామానికీ అంతే. ఒక ఎముక చూసి నమ్మమని ఎవరూ అనట్లేదు.

శాసనాల లాంటివి మూడు చెప్తాను.

మొదటిది ఒక రాయి లోపల దొరికింది. రంగారావు అనే భారతీయ భూగర్భ శాస్త్రవేత్త కాశ్మీరు వైపు రాజౌరీ జిల్లా కాలాకోట్‌లో శిలాజాలు సేకరించారు. 1971లో ఒక చిన్న జంతువుకి ఇండోహయస్ అని పేరు పెట్టారు. ఆయన పోయాక మిగతా రాళ్ళు ఆయన భార్య దగ్గరే ఉండిపోయాయి. ఆమె వాటిని తెవిసెన్ అనే శాస్త్రవేత్తకి అప్పగించారు. ల్యాబ్‌లో రాయి తొలుస్తుంటే పొరపాటున చెవి దగ్గరి ఎముక విరిగింది. లోపల చూస్తే ఆ ఎముక ఒక పక్క దళసరిగా ఉంది. అలాంటి చెవి ఎముక తిమింగలాల వంశానిది. 2007లో ఇది ప్రచురించారు. వయసు సుమారు 4.8 కోట్ల ఏళ్ళు. చూడ్డానికి మన నల్లమలలో తిరిగే మూషిక జింకలా ఉండేది, నాలుగు సన్నటి కాళ్ళు, గిట్టలు. ఇది తిమింగలానికి తాత కాదు, ఆ తాతకి దాయాది. తాతల వరస కూడా పాకిస్తాన్‌లో, మన కచ్‌లో దొరికింది: కాళ్ళతో నడిచినవి, కాళ్ళు కురచబడినవి, ఈదినవి. ఇప్పటి తిమింగలాల ఒంట్లో తుంటి ఎముక ముక్కలు ఇంకా ఉన్నాయి, వెనక కాళ్ళు లేకపోయినా. ఇలాంటి మిగులు మన కొండచిలువకీ ఉంది. తోక మొదట్లో రెండు పక్కలా చిన్న గోళ్ళలాంటివి ఉంటాయి, పోయిన వెనక కాళ్ళ గుర్తు.

నడిమి రూపం అంటే ఇదీ. సగం లేడి, సగం తిమింగలం కాదు. పూర్తిగా తన బతుకు తను బతికిన జంతువు, చెవిలో మాత్రం రాబోయే వంశం గుర్తు.

రెండోది బల్లి. కంచిలో బంగారు బల్లిని తాకి వచ్చినవాళ్ళు మనలో చాలామంది ఉంటారు. నిజంగానే బంగారు రంగు బల్లి ఉంది, తిరుమల కొండల్లో, తూర్పు కనుమల్లో ఇంకొన్ని చోట్ల. రాతి గుహల్లో ఉంటుంది, రాత్రిళ్ళు తిరుగుతుంది. ఈ ప్రజాతిలో ప్రపంచం మొత్తం మీద రెండే జాతులు. ఒకటి ఇది. రెండోది శ్రీలంకలో. రాతి గుహలు ఆఫ్రికాలో లేవా, బ్రెజిల్‌లో లేవా? అక్కడ ఎందుకు లేదు? మంచు యుగాల్లో సముద్రం వంద మీటర్లకు పైగా కిందికి దిగినప్పుడు మనకీ లంకకీ మధ్య నేల బయటపడేది. ఒకే వంశం రెండు వైపులా ఉండిపోయి, తర్వాత దేని దారి అది పట్టిందంటే ఈ మ్యాప్ అర్థమవుతుంది. వేరేగా చెప్పడం నాకు చేతకాలేదు.

మూడోది నన్ను ఒప్పించింది. ఎందుకంటే అది నా పనికి దగ్గర.

పాత కోడ్‌లో పాత బగ్

మేకకి నిమ్మకాయ అక్కర్లేదు. విటమిన్ సి దాని ఒళ్ళే తయారు చేసుకుంటుంది. ఆవూ అంతే, కుక్కా అంతే. మనకి ఆ శక్తి లేదు, తిండిలో రాకపోతే చిగుళ్ళు కారి స్కర్వీ వస్తుంది. దానికి కావలసిన గులో అనే జీన్ మన దగ్గర లేక కాదు. ఉంది, ఎనిమిదో క్రోమోజోములో. కానీ విరిగిపోయి ఉంది. ముక్కలు పోయాయి, అక్షరాలు మారాయి, పనిచేయదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది, ఎవరూ పిలవని, ఎవరూ తీసేయని పాత ఫంక్షన్.

ఇప్పుడు చింపాంజీలో చూస్తే అదే జీన్ అక్కడా విరిగి ఉంది. ఒరంగుటాన్‌లోనూ, మన గుళ్ళ దగ్గర కొబ్బరిచిప్పలు లాక్కునే కోతుల్లోనూ విరిగే ఉంది, చాలా తప్పులు అవే చోట్ల. గినీ పంది కూడా విటమిన్ సి చేసుకోలేదు, కానీ దాని జీన్ విరిగిన తీరు వేరు. తూర్పు కనుమల్లో రాత్రిపూట తిరిగే దేవాంగపిల్లి కోతులకి దూరపు బంధువు, ముందే విడిపోయిన కొమ్మ. దాని కొమ్మలో ఈ జీన్ ఇంకా పనిచేస్తూనే ఉంది.

ఇద్దరు స్టూడెంట్స్ అసైన్‌మెంట్ ఇచ్చారనుకోండి. ఇద్దరి ప్రోగ్రామూ సరిగ్గా నడిస్తే కాపీ అని చెప్పలేం, ఒకే సమస్యకి ఒకే పరిష్కారం దొరికి ఉండొచ్చు. ఇద్దరి కోడ్‌లోనూ పనికిరాని ఒకే ఫంక్షన్, అందులో ఒకే చోట ఒకే స్పెల్లింగ్ తప్పు ఉంటే? ఒకే ఫైల్ నుంచి వచ్చాయని కళ్ళు మూసుకుని చెప్తాం. "దేవుడు ఒకే డిజైన్ వాడి ఉంటాడు కదా" అని నేనూ అనేవాణ్ణి. మంచి డిజైన్ మళ్ళీ వాడటం సరే. విరిగినదాన్ని, విరిగినట్టే, సరిగ్గా బంధువుల కొమ్మల్లోనే మళ్ళీ పెట్టడానికి కారణం నాకు దొరకలేదు.

ఇంకోటి. మనకి 46 క్రోమోజోములు, చింపాంజీకి, గొరిల్లాకి, ఒరంగుటాన్‌కి 48. మన రెండో క్రోమోజోము మధ్యలో, మామూలుగా క్రోమోజోము కొసల్లో మాత్రమే ఉండే అక్షరాల వరస ఎదురెదురుగా ఉంది. రెండు క్రోమోజోములు కొసలతో అతుక్కున్న కుట్టు అది.

కోతి నుంచి మనిషి వస్తే కోతులింకా ఎందుకున్నాయన్నది కామెంట్లలో ఎక్కువగా వచ్చే ప్రశ్న. మా మేనమామ కొడుకు ఉన్నాడు, నేనూ ఉన్నాను. మా ఇద్దరికీ తాత ఒకరే. నేను పుట్టానని వాడు మాయమవ్వాలా?

రాళ్ళు, కల్పాలు

ఇదంతా జరగడానికి టైమ్ ఉందా? మా ప్రాంతం రాళ్ళని భూగర్భ శాస్త్రవేత్తలు నెల్లూరు షిస్ట్ బెల్ట్ అంటారు. అందులో రెండు వర్గాలకి మన ఊళ్ళ పేర్లే పెట్టారు, వింజమూరు గ్రూప్, ఉదయగిరి గ్రూప్. వంద కోట్ల ఏళ్ళు దాటిన రాళ్ళు. ప్రపంచంలో ఎక్కడ చూసినా ఈ వయసు రాళ్ళలో ఒక్క జంతువు ఎముక దొరకలేదు. పరిణామం తప్పని ఎలా తేలుతుందని అడిగితే, ఆ కాలపు రాళ్ళలో ఒక్క కుందేలు దొరికితే చాలని జె.బి.ఎస్. హాల్డేన్ అన్నారని చెప్తారు. హాల్డేన్ ఇంగ్లండు వదిలి మన దేశానికి వచ్చేసి, భువనేశ్వర్‌లో 1964లో కన్నుమూశారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ ఆయన శిష్యుడే. మా ఊరి బండల్లో కుందేలు ఎముక ఎవరికైనా దొరికితే సిద్ధాంతం మార్చుకోవాల్సిందే. ఆ షరతు వాళ్ళే పెట్టుకున్నారు.

"ఇది థియరీయే కదా" అనేవాళ్ళకి మన భాష్యకారుల పద్ధతే గుర్తుచేస్తాను. ముందు పూర్వపక్షం, అవతలివాడి వాదం మొత్తం చెప్పి, దానికి జవాబిచ్చాకే సిద్ధాంతం. థియరీకి మన పుస్తకాలు సిద్ధాంతం అనే మాట వాడటం ఊరికే కాదు.

పెద్ద అంకెలంటే మనకి భయం లేదు, సంకల్పం చెప్పుకునేటప్పుడు కల్పం, మన్వంతరం అని లెక్కపెట్టేవాళ్ళం. ఆరు వేల ఏళ్ళ భూమిని కాపాడుకోవాల్సిన ఇబ్బంది మనకి లేదు. కాకపోతే బ్రహ్మ పగలు 432 కోట్ల ఏళ్ళు, భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్ళు, దగ్గరగా ఉన్నాయి కదా అని నా చేయి మళ్ళీ థంబ్‌నెయిల్ వైపు పోయింది. ఆపుకున్నాను. ఒకటి శాస్త్రం చెప్పిన లెక్క, ఇంకోటి రాళ్ళలో యురేనియం సీసంగా మారే వేగం నుంచి కట్టిన లెక్క. దగ్గరగా ఉండటం ఆధారం కాదు.

మా మేనకోడలితో మొన్న ఫోన్లో ఇదంతా మాట్లాడాను. పెంచలకోనకి ఎందుకు పోవాలన్నదానికి నేను చెప్పింది ఇంతే: "మీ అమ్మమ్మ పోయేది జీవులు ఎలా పుట్టాయో తెలుసుకోడానికి కాదు. ఆమె ఎందుకు పోతుందో ఆమెనే అడుగు." అడిగిందట. నువ్వు కడుపులో ఉన్నప్పుడు మొక్కుకున్నాను, అందుకని అందట అమ్మమ్మ.

పాపకి సందేహం మొత్తం తీరలేదు. బాధ, చావు మీద నడిచే పద్ధతి దేవుడిదెలా అవుతుంది మామా, అన్ని పిల్లలు చస్తేనే కదా ఎంపిక జరిగేది, అని అడిగింది. అది పెద్ద ప్రశ్న, కర్మ గురించి చదివినవాళ్ళని పిలిచి ఒక వీడియో చేద్దామనుకుంటున్నాం. మీకు తెలిసిన పెద్దలెవరైనా ఉంటే చెప్పండి.

పాత దశావతారాల వీడియో తీసేయలేదు. డిస్క్రిప్షన్‌లో పైనే సవరణ పెట్టాను, డార్విన్ భాగం నాలుగో నిమిషం నుంచి ఏడో నిమిషం దాకా ఉంది, అది వదిలేసి చూడండి. పరీక్షల్లో మాత్రం రాయకండి.